1970 సీ-10 పికప్‌లో డ్యాష్ మీటర్లు, క్యాబిన్ మార్చాలంటే ఏది ముందు, ఏది వెనక

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: 1970 షెవర్లే సీ-10 ఉంది, పాత ఇంజిన్ తీసేసి 5.3 లీటర్ల ఎల్ఎస్ ఇంజిన్ (జనరల్ మోటార్స్ వాళ్ళ కొత్త తరం వీ8), వెనక 4ఎల్60ఈ గేర్‌బాక్స్ ఎక్కించారు, డ్యాష్‌లో మాత్రం స్పీడోమీటరు, పెట్రోల్ ముల్లు తప్ప మిగతావన్నీ ఎర్ర లైట్లే. డ్యాష్ రేకు కోసి ఆరు గుండ్రటి మీటర్లు పెట్టించాలా, రెడీమేడ్ క్లస్టర్ (మీటర్లన్నీ ఒకే ఫ్రేములో ఉన్న సెట్టు) కొనాలా, సీట్లు, కార్పెట్, సౌండ్ షీట్లు మీటర్ల కంటే ముందా తర్వాతా అని. నేను ఇరవై ఏళ్ళుగా ఎక్కువగా ఈ 67 నుంచి 72 దాకా వచ్చిన సీ-10ల మీదే పని చేస్తున్నా, మధ్యలో ఫోర్డ్ ఎఫ్-100 పికప్‌లు కూడా చేశా, కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక్క మాట, రేకు కొయ్యకండి. ఈ బళ్ళలో డ్యాష్ అనేది స్క్రూలు విప్పితే ఊడొచ్చే ముక్క కాదు, క్యాబిన్‌తో కలిపి వెల్డింగ్ చేసిన రేకు. దానికి ఒకసారి కన్నాలు పెట్టాక రేపు మనసు మారితే మళ్ళీ రేకు అతికి, లాంబీ (పుట్టీ) పెట్టి, రుద్ది, పెయింట్ వెయ్యాలి, ఎంత బాగా చేసినా ఎండలో పక్కనించి చూస్తే ఆ అతుకు కనపడుతూనే ఉంటుంది. అసలు కొయ్యాల్సిన అవసరమే లేదు ఎందుకంటే ఆ రోజుల్లో కంపెనీయే మీ లైట్ల క్లస్టర్ ఉన్న అదే కన్నంలో పట్టేలా ఫుల్ మీటర్ల క్లస్టర్‌ని ఆప్షన్‌గా ఇచ్చేది, టెంపరేచర్, ఆయిల్ ప్రెషర్, బ్యాటరీ, పెట్రోల్ అన్నీ ఉండేవి, ట్యాకోమీటర్ (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపించేది) కూడా ఉండేది కావాలంటే. ఇప్పుడు అవే కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు, లేదంటే డకోటా డిజిటల్, క్లాసిక్ ఇన్‌స్ట్రుమెంట్స్ లాంటి వాళ్ళు అదే కన్నంలో కూర్చునే కొత్త ఎలక్ట్రానిక్ క్లస్టర్లు చేస్తున్నారు. అదీ వద్దు, గుండ్రటి మీటర్లే కావాలి అంటే ఆ కన్నం సైజుకి ఒక అల్యూమినియం ప్లేటు కోయించి దానిలో పెట్టుకోండి, మనసు మారితే నాలుగు స్క్రూలు విప్పి ప్లేటు తీసేయొచ్చు, బండి రేకు బండికే ఉంటుంది.

మీ బండికి మాత్రం నా ఓటు కొత్త ఎలక్ట్రానిక్ క్లస్టర్‌కే. పాత 350 ఇంజినో, ఆరు సిలిండర్ల ఇంజినో అయ్యుంటే కంపెనీ క్లస్టరే పెట్టమనేవాణ్ణి, ఎందుకంటే దాని సెండర్లూ (ఇంజిన్, ట్యాంకుల దగ్గర కొలిచి మీటరుకి సిగ్నల్ పంపే ముక్కలు) వైరింగూ ఆ ఇంజిన్‌కి పుట్టినవే. ఎల్ఎస్ మీద ఏదీ నేరుగా కలవదు. కొత్త క్లస్టర్‌తో పాటు డబ్బాలోనే ఇంజిన్‌కి కావాల్సిన సెండర్లు వస్తాయి, అదే దానిలో అసలు విలువ, పైన కనపడే డిజైన్ కాదు.

ఇక్కడే నేను గట్టిగా చెప్పాలనుకునే విషయం. చాలామంది మీటరంటే డ్యాష్‌లో కనపడే డయలే అనుకుంటారు. మీటరంటే మూడు కలిపి: డయల్, అటు చివర సెండరు, రెండిటికీ ఉన్న ఎర్తు, అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి వెళ్ళే దారి. ఈ మూడిట్లో ఏది తేడా ఉన్నా ముల్లు అబద్ధం చెప్తుంది, అదీ చాలా నమ్మకంగా చెప్తుంది. ఆగిపోయిన మీటరుతో ప్రమాదం తక్కువ, పాడైందని తెలుస్తుంది కదా. తిరుగుతూ తప్పు చూపించే మీటరుతోనే ప్రమాదం.

నా సొంత అనుభవం చెప్తా. మొదట్లో నేను కట్టుకున్న 1968 సీ-10లో యూనివర్సల్ పెట్రోల్ మీటర్ కొని పెట్టా, అమ్మినాయన అన్ని బళ్ళకీ పనికొస్తుందన్నాడు, నేనూ ఇంకేం అడగలేదు. ట్యాంక్ నింపితే ముల్లు సగం కంటే కాస్త పైన ఆగింది. సరే కొత్త మీటరు కదా సర్దుకుంటుందిలే అనుకుని బయల్దేరా. నడుపుతుంటే ముల్లు నిదానంగా పైకి పోతోంది. కిందికి కాదు, పైకి. కొంతసేపటికి ఫుల్ దగ్గర ఆగింది, దాని పైకి కూడా పోయింది, తర్వాత ఎత్తు మీద ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ముల్లు ఇంకా ఫుల్ అనే చూపిస్తోంది, ట్యాంకులో చుక్క లేదు.

జరిగింది ఏంటంటే, జీఎం (జనరల్ మోటార్స్, షెవర్లే వాళ్ళ కంపెనీ) బళ్ళలో 1965 నుంచి వచ్చిన పెట్రోల్ సెండర్ ట్యాంక్ ఖాళీ అయితే 0 ఓమ్‌లు (కరెంటుకి అడ్డు ఎంతో చెప్పే కొలత), నిండితే 90 ఓమ్‌లు ఇస్తుంది. నేను కొన్న మీటరు 240 ఓమ్‌లు వస్తే ఖాళీ, 33 వస్తే ఫుల్ అనుకునే రకం. అంటే దిక్కే తిరగబడింది. నిండు ట్యాంకులో 90 వచ్చింది, దాన్ని మీటరు సగం పైచిలుకు అనుకుంది, పెట్రోల్ తగ్గేకొద్దీ ఓమ్‌లు 33 వైపు దిగాయి, అది ఫుల్ అనుకుంది. మీటరు తప్పు కాదు, సెండరు తప్పూ కాదు, జోడీ తప్పు.

అందుకే మీటరు కొనే ముందే ఈ అంకెలు కాగితం మీద రాసి పెట్టుకోండి. 1964, అంతకు ముందు జీఎం సెండర్లు 0 నుంచి 30. 1965 తర్వాత 0 నుంచి 90. అప్పటి ఫోర్డులు, క్రైస్లర్ బళ్ళు ఖాళీకి సుమారు 73, ఫుల్‌కి 10. బజార్లో దొరికే యూనివర్సల్ సెండర్లు ఎక్కువగా 240 నుంచి 33. వీడీవో అనే మీటర్ల కంపెనీ వాళ్ళవి 10 నుంచి 180. మీ సెండర్ ఏ రకమో తెలియకపోతే మల్టీమీటర్‌ని ఓమ్ మీద పెట్టి ఒక ప్రోబు సెండర్ టెర్మినల్‌కి, ఇంకోటి దాని బాడీకి తగిలించి ఫ్లోట్ (పెట్రోల్ మీద తేలే ముక్క) ఉన్న కడ్డీని చేత్తో కింది నుంచి పైకి ఎత్తి చూడండి. అంకె మెల్లగా జారుతూ మారాలి, మధ్యలో ఒక్కసారి ఎగిరినా, ఓపెన్ అని చూపించినా లోపల చుట్టిన తీగ అరిగింది, ఆ సెండర్ పెట్టకండి. ఇదంతా సెండర్‌ని ట్యాంకులో దించక ముందే చెయ్యాలి, తర్వాత అంటే మళ్ళీ ట్యాంక్ దించాలి, ఎవరికీ ఓపిక ఉండదు.

పెట్టేశాక చెక్ చెయ్యడానికి ఇంకో చిన్న పద్ధతి ఉంది. జీఎం మీటరు అయితే సెండర్ వైరు విప్పి ఎర్తుకి తగిలిస్తే ముల్లు ఖాళీకి రావాలి, గాల్లో వదిలేస్తే ఫుల్ దాటి పోవాలి. వైరుకీ ఎర్తుకీ మధ్య 47 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే దాదాపు సగం దగ్గర నిలబడాలి. ఈ మూడూ సరిగ్గా వస్తే మీటరు, వైరు బాగున్నట్టు, తప్పు ట్యాంకు దగ్గరే వెతకాలి. పాత ఫోర్డులో ఇది ఉల్టా, వైరు ఎర్తు చేస్తే ఫుల్‌కి పోతుంది, అక్కడ ఎక్కువసేపు పట్టుకోకండి.

ఫోర్డ్ మాట వచ్చింది కాబట్టి, ఎఫ్-100 ఉన్నవాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి చెప్తున్నా. ఆ బళ్ళలో మీటర్ల వెనకాల చిన్న రేకు డబ్బా ఒకటి ఉంటుంది, లోపల వేడికి వంగే రెండు లోహాల పట్టీ 12 వోల్టుల్ని టిక్కు టిక్కుమని ఆపుతూ వదులుతూ సగటున 5 వోల్టులే మీటర్లకి పంపిస్తుంది. అది పాడైపోయిందని తీసేసి నేరుగా 12 వోల్టులు ఇచ్చేసినవాళ్ళని చూశా, కాసేపట్లో మీటర్ల లోపల తీగ మాడిపోతుంది. పెట్రోలు, టెంపరేచరు రెండు ముళ్ళూ ఒకేసారి పైకి పోయినా, ఒకేసారి పడిపోయినా ముందు ఆ డబ్బానే అనుమానించాలి. దాని బదులు ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ దొరుకుతుంది, అది పెట్టేస్కోండి. మీ సీ-10లో ఈ గొడవ లేదు.

ఇప్పుడు ఎర్తు. దీని మీద ఎంత రాసినా తక్కువే. ఒక ఎఫ్-100కి నేను అల్యూమినియం ప్లేటు చేయించి, చక్కగా నల్ల పౌడర్ కోటింగ్ వేయించి ఐదు మీటర్లు బిగించా. పగలంతా టెంపరేచర్ 190 ఫారెన్‌హీట్ దగ్గర కదలకుండా ఉండేది. రాత్రిపూట మాత్రం 220 చూపించేది. నేను థర్మోస్టాట్ మార్చా, రేడియేటర్ కడిగించా, రాత్రి చల్లగా ఉంటే ఇంజిన్ ఎందుకు ఎక్కువ వేడెక్కుతోందో అర్థం కాక రెండు వారాలు అదే పని. ఒకరోజు సాయంత్రం బండి ఆపి ఉండగా హెడ్‌లైట్ స్విచ్ బయటికి లాగాను, నా కళ్ళముందే ముల్లు 190 నుంచి లేచింది. లైటు ఆపితే దిగింది. ఇండికేటర్ వేస్తే దానితో పాటు టిక్ టిక్‌మని ఊగింది. అప్పుడు తెలిసింది, మీటర్లన్నీ ఎర్తుని ఆ ప్లేటు ద్వారా, ప్లేటు స్క్రూల ద్వారా తీసుకుంటున్నాయి, పౌడర్ కోటింగ్ కరెంటుని పోనివ్వదు, ఒక్క స్క్రూ అంచు దగ్గర గీరుకుపోయిన చోట మాత్రం కొంచెం తగులుతోంది. డయల్ లైట్లు వెలిగినప్పుడు వాటి కరెంటు కూడా ఆ సన్నటి దారిలోనే తిరిగి వెళ్ళాలి, దాంతో అక్కడ వోల్టేజీ పేరుకుని మీటరు లెక్క తప్పింది. ఇంజిన్ అన్ని రోజులూ బంగారంలా ఉంది.

కాబట్టి ప్లేటు మీదా, స్క్రూల మీదా ఆధారపడకండి. డ్యాష్ వెనకాల ఒక ఇత్తడి స్టడ్ పెట్టండి, బ్యాటరీ నెగటివ్ నుంచి 10 గేజ్ వైరు ఒకటి నేరుగా దానికి తెండి, ప్రతి మీటరు నల్ల వైరూ రింగ్ టెర్మినల్ వేసి ఆ ఒక్క స్టడ్‌కే బిగించండి. అలాగే ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది, క్యాబిన్ కూడా రబ్బరు మీదే కూర్చుంటుంది, అంటే ఇంజిన్, ఛాసిస్, క్యాబిన్ మూడూ కరెంటు లెక్కలో మూడు దీవులు. ఇంజిన్ బ్లాక్ నుంచి ఛాసిస్‌కి ఒకటి, బ్లాక్ నుంచి క్యాబిన్ ఫైర్‌వాల్‌కి (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు గోడ) ఒకటి అల్లిన రాగి పట్టీలు వెయ్యాలి, తగిలే చోట పెయింటు మెరిసే దాకా గీకి స్టార్ వాషర్ పెట్టి బిగించి పైన గ్రీజు రాయాలి. ఇంజిన్ మార్చినప్పుడు ఈ పట్టీలు మళ్ళీ పెట్టడం మర్చిపోయినవాళ్ళు చాలామంది. అయ్యాక మల్టీమీటర్ 20 వోల్టుల డీసీ మీద పెట్టి, ఒక ప్రోబు బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకోటి డ్యాష్ వెనక స్టడ్ మీద, హెడ్‌లైట్లు, బ్లోయరు, అన్నీ ఆన్ చేసి చూడండి. 0.1 వోల్టు లోపు ఉంటే ఎర్తు బాగున్నట్టు. అరవోల్టు చూపిస్తే ఏ మీటరు కొన్నా దండగే.

ఎల్ఎస్‌కి సంబంధించినవి కొన్ని. ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) వాడుకునే రెండు వైర్ల టెంపరేచర్ సెన్సార్‌నే మీటరుకి కూడా కలపొద్దు, ఇద్దరికీ తప్పు లెక్క వెళ్తుంది, మీటరుకి వేరే సెండర్ ఉండాలి. కుడి పక్క సిలిండర్ హెడ్ వెనక చివర ప్లగ్ వేసి ఉన్న కన్నం ఒకటి ఉంటుంది, ఎం12 ఇన్‌టు 1.5 మరలు, దానికి సరిపడే అడాప్టర్‌తో పెట్టుకోవచ్చు. అడాప్టర్ పొట్టిగా ఉండాలి, అడాప్టర్ మీద అడాప్టర్ వేసి పొడుగ్గా పెడితే సెండర్ మొన పారే నీళ్ళలోకి చేరక తక్కువ చూపిస్తుంది. ఒక్క వైరు సెండర్ తన మరల ద్వారానే ఎర్తు తీసుకుంటుంది కాబట్టి టెఫ్లాన్ టేపు నాలుగైదు చుట్లు చుట్టకండి. ఆయిల్ ప్రెషర్ సెన్సార్ ఇంజిన్ వెనక, వ్యాలీ కవర్ దగ్గర ఎం16 ఇన్‌టు 1.5 మరల్లో ఉంటుంది, టీ ఆకారం జాయింటు వేసుకుని ఈసీయూ సెన్సార్, మీటరు సెండర్ రెండూ పెట్టొచ్చు గానీ ఫైర్‌వాల్‌కి మధ్య జాగా చాలా తక్కువ, ముందే కొలుచుకోండి. ట్యాకోమీటర్‌కి ఈసీయూ ఇచ్చే సిగ్నల్ నాలుగు సిలిండర్ల ఇంజిన్‌ది లాగా ఉంటుంది, అందుకని ట్యాకోలో నాలుగు సిలిండర్లు అని సెట్ చెయ్యాలి, ఎనిమిది అని పెడితే సగమే చూపిస్తుంది. సిగ్నల్ బలహీనంగా ఉండి ముల్లు కదలకపోతే 12 వోల్టులకి ఒక పుల్-అప్ రెసిస్టర్ వెయ్యాలి.

ఆయిల్ ప్రెషర్‌కి సన్నటి ప్లాస్టిక్ గొట్టంతో వచ్చే మెకానికల్ మీటరు పెట్టొచ్చా అని కొందరు అడుగుతారు. చూపించడంలో అది నిజాయితీగల మీటరే. కానీ కాగే ఆయిల్‌ని క్యాబిన్ లోపలికి మీ మోకాళ్ళ మీదికి తెచ్చుకుంటున్నారు అన్నమాట, గొట్టం ఎక్కడో ఎగ్జాస్ట్‌కి తగిలి మెత్తబడి తెగిందంటే కొత్త కార్పెట్, సీట్లు, కాళ్ళు అన్నీ పోతాయి. రోజూ నడిపే బండికి ఎలక్ట్రికల్ సెండరే పెట్టండి.

ఆమ్‌మీటర్ బదులు వోల్ట్‌మీటర్. దీనిలో చర్చ లేదు నా లెక్కలో. పాత కాలం డైనమో బళ్ళలో ఛార్జింగ్ కరెంటు మొత్తం ఆమ్‌మీటర్ గుండానే పోయేది, 30 ఆంపియర్ల చుట్టుపక్కలే కాబట్టి చెల్లింది. క్రైస్లర్ బళ్ళలో ఆ కరెంటు ఫైర్‌వాల్ కనెక్టర్‌లోంచి రావడం వల్ల అక్కడ వేడెక్కి ప్లాస్టిక్ కరిగిన కనెక్టర్లు నేనే మార్చా. మీ ఎల్ఎస్ ఆల్టర్నేటర్ 100 ఆంపియర్ల పైన ఇస్తుంది, దాన్ని డ్యాష్ దాకా తిప్పాల్సిన పనే లేదు. వోల్ట్‌మీటర్ సన్నటి వైరుతో సరిపోతుంది, చెప్పేది కూడా ఎక్కువ, ఇంజిన్ ఆపినప్పుడు 12.6 దగ్గర, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే అంతా బాగున్నట్టు. ఇంకోటి, ఎర్ర లైట్ల క్లస్టర్‌లో ఛార్జింగ్ లైటు ఉంటుంది కదా, అది ఉత్త లైటు కాదు, దాని బల్బు గుండా వెళ్ళే కొంచెం కరెంటుతోనే చాలా ఆల్టర్నేటర్లు ఛార్జింగ్ మొదలెడతాయి. అది తీసేసినా, ఎల్ఈడీ పెట్టినా ఆల్టర్నేటర్ నిద్ర లేవకపోవచ్చు. మీ ఈసీయూ హార్నెస్ ఆ పని చూస్కోకపోతే మామూలు బల్బు గానీ, రెసిస్టర్ గానీ ఉంచాలి, ఆ టెర్మినల్‌కి నేరుగా 12 వోల్టులు మాత్రం ఇవ్వకండి, లోపల రెగ్యులేటర్ పోతుంది.

స్పీడోమీటర్‌కి వద్దాం. పాత స్పీడోమీటర్ కేబుల్‌తో తిరుగుతుంది, కేబుల్ లోపల ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది, దాని చుట్టూ ఉన్న అల్యూమినియం గిన్నె ఆ లాగుడికి స్ప్రింగుని తోసుకుంటూ కొంచెం తిరుగుతుంది, ముల్లు ఆ గిన్నెకే ఉంటుంది. అమెరికన్ బళ్ళలో లెక్క ఏంటంటే మైలుకి కేబుల్ 1000 చుట్లు, అంటే 60 మైళ్ళ వేగంలో నిమిషానికి 1000 చుట్లు. స్పీడ్ తెలిసిన డ్రిల్లింగ్ మెషీన్‌తో 1000 ఆర్‌పీఎం దగ్గర తిప్పితే 60 చూపించాలి, టేబుల్ మీదే చెక్ చేస్కోవచ్చు, తిప్పే దిక్కు సరిగ్గా చూస్కోండి. 4ఎల్60ఈలో కేబుల్ పెట్టే చోటు ఉండదు, వెనక 40 పళ్ళ చక్రం ముందు సెన్సార్ ఉంటుంది, డ్రైవ్‌షాఫ్ట్ ఒక చుట్టుకి 40 పల్సులు. వెనక యాక్సిల్ గేర్ నిష్పత్తి 3.73, టైరు 28 అంగుళాలు అనుకోండి. మైలులో టైరు ఎన్ని చుట్లు తిరుగుతుందో కావాలంటే 20168ని టైరు వ్యాసంతో భాగించాలి, 28కి 720 వస్తుంది. 720 ఇన్‌టు 3.73 ఇన్‌టు 40 అంటే మైలుకి లక్షా ఏడు వేల పల్సుల పైన. కొత్త క్లస్టర్‌లో ఈ అంకె కొట్టొచ్చు, లేదా కొలిచిన మైలు దూరం నడిపితే అదే నేర్చుకుంటుంది. బరువుకి టైరు కింద కొంచెం అణుగుతుంది కాబట్టి నిజంగా రెండు మూడు శాతం ఎక్కువ చుట్లు పడతాయి, టైరు కంపెనీ ఇచ్చే మైలుకి చుట్ల లెక్క ఉంటే అదే వాడండి. రేపు 28 తీసి 30 అంగుళాల టైర్లు వేస్తే 60 చూపిస్తున్నప్పుడు నిజంగా 64 దాటి పోతుంటారు, టైరు మార్చినప్పుడల్లా మళ్ళీ సెట్ చెయ్యాలి. జీపీఎస్ సెండర్ కూడా ఉంది, ఈ లెక్కలేవీ అక్కర్లేదు, కానీ టన్నెల్లో, బయల్దేరిన మొదటి నిమిషంలో ఆలస్యంగా పట్టుకుంటుంది, అందుకని నాకు గేర్‌బాక్స్ సెన్సారే ఇష్టం.

ఇక క్యాబిన్. సీట్లు, కార్పెట్ ముందా మీటర్లు ముందా అన్నారు కదా, నేను చేసే వరస: నీళ్ళు, ట్యాంకు, తుప్పు, సీటు, ఆ తర్వాతే మీటర్లు, అన్నిటికీ చివర కార్పెట్.

ఈ బళ్ళు కింద నుంచి కుళ్ళవు, పై నుంచి వచ్చిన నీళ్ళతో కుళ్తాయి. అద్దం ముందున్న జాలీలోంచి ఆకులు పడి లోపల మూల్లో పేరుకుని తడి ఆరక కాళ్ళ పక్క రేకు, రాకర్ (తలుపు కింది పట్టీ), క్యాబిన్ వెనక మూలలు తినేస్తాయి. కార్పెట్ గురించి ఆలోచించే ముందు ఒక మనిషి లోపల టార్చిలైటుతో కూర్చుని, ఇంకొకళ్ళు బయట పైపుతో ముందు అద్దం రబ్బరు, జాలీ, తలుపు రబ్బర్లు ఒక్కొక్కటీ ఐదేసి నిమిషాలు తడపాలి. ఎక్కడ కారుతుందో అక్కడే తెలుస్తుంది. ఫ్లోర్ రేకు మార్చాల్సి వస్తే కోసే ముందు తలుపు కన్నాలకి అడ్డంగా ఇనప పైపులు వెల్డ్ చేసి బిగించండి, లేదంటే క్యాబిన్ సాగి తలుపులు మళ్ళీ జన్మలో సరిగ్గా పడవు.

పెట్రోల్ ట్యాంకు మీ బండిలో సీటు వెనకాలే క్యాబిన్‌లో ఉంటుంది, 1972 దాకా అంతే, 73లో కొత్త మోడల్ వచ్చినప్పుడే బయటికి మార్చారు. అది ఉండగా క్యాబిన్‌లో వెల్డింగ్, గ్రైండింగ్ ఏదీ చెయ్యకండి, ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరే ఇంకా ప్రమాదం. ఎలాగూ ఎల్ఎస్‌కి 58 పీఎస్ఐ ప్రెషర్ కావాలి, ట్యాంకులోనే పంపు ఉంటే మంచిది, కాబట్టి చాలామంది చేసినట్టు వెనక ఛాసిస్ పట్టీల మధ్యకి ట్యాంకు మార్చేయండి, 69 నుంచి 72 దాకా వచ్చిన బ్లేజర్ ట్యాంకు మోడల్‌లో దీనికోసమే చేసినవి దొరుకుతాయి. దానితో సీటు వెనక జాగా వస్తుంది, పెట్రోల్ వాసన పోతుంది, గుద్దుకున్నప్పుడు మీ వీపు వెనక ట్యాంకు ఉండదు. కొత్త ట్యాంకుతో వచ్చే సెండర్ ఓమ్‌లు ఎంతో మళ్ళీ చూడండి, ఇక్కడే మళ్ళీ జోడీ తప్పుతుంది.

సీటు ముందు ఎందుకంటే మీ కన్ను ఎక్కడ ఉంటుందో అదే తేలుస్తుంది. బెంచీ సీటు తీసి వేరే బండి బకెట్ సీట్లు పెడితే రెండు అంగుళాలు ఎత్తో పల్లమో అవుతుంది, స్టీరింగ్ చిన్నది వేస్తే దాని అంచు సరిగ్గా టెంపరేచర్ ముల్లు మీదికి వస్తుంది. అందుకే సీటు, స్టీరింగ్ బిగించాక అట్టముక్క మీద మీటర్ల సైజు గుండ్రాలు గీసి డ్యాష్‌కి అంటించి కూర్చుని చూడండి. మామూలు చిన్న మీటర్లు 52 మిల్లీమీటర్లు. ప్లేటు చేయించుకుంటే ఆయిల్, టెంపరేచర్ రెండూ స్టీరింగ్ ఆకుల మధ్యలోంచి కనపడే చోట ఉండాలి, పెట్రోలు, వోల్టులు పక్కకి పోయినా ఫర్వాలేదు. సీట్ బెల్టులకి మాత్రం పల్చటి రేకుకి బోల్టు వేసి వదిలేయకండి, కింద మందపాటి ఇనప ప్లేటు పెట్టి 7/16-20 సైజు గ్రేడ్ 8 బోల్టే వాడండి.

సౌండ్ షీట్లు రేకంతా కప్పెయ్యక్కర్లేదు. అల్యూమినియం పొర ఉన్న బ్యూటైల్ షీటు ప్రతి రేకు మధ్యలో నాలుగో వంతు దాకా అంటిస్తే డబడబ శబ్దం చచ్చిపోతుంది, వేలితో కొట్టి చూడండి, గంట మోగినట్టు కాక చెక్క మీద కొట్టినట్టు రావాలి. దానిపైన మూసుకున్న రంధ్రాల ఫోమ్ వెయ్యండి, జనపనార మాత్రం వద్దు, అది నీళ్ళు పట్టుకుని రేకుని తినేస్తుంది. తలుపుల్లో అంటించేటప్పుడు కింది డ్రెయిన్ కన్నాలు మూయకండి.

డయల్ లైట్లకి ఎల్ఈడీలు బాగానే ఉంటాయి, కానీ పాత తీగ చుట్టిన డిమ్మరుతో అవి సరిగ్గా తగ్గవు, ఇండికేటర్లు కూడా ఎల్ఈడీ చేస్తే ఫ్లాషర్ ఎలక్ట్రానిక్‌ది మార్చాలి.

వైర్లు మీటర్లకి 18 గేజ్ సరిపోతుంది, అన్నిటికీ కలిపి 5 ఆంపియర్ల ఫ్యూజు ఒకటి. వెనకాల వైరు కట్టేటప్పుడు ఒక జానెడు వదులు ఉంచండి, క్లస్టర్ బయటికి లాగి ముఖం తిప్పి ఒళ్ళో పెట్టుకుని విప్పగలిగేంత, లేదంటే ఒక్క బల్బు మార్చడానికి సీటు మీద తలకిందులుగా పడుకోవాలి. వైరు మీద కొరికే క్లిప్పులు వద్దు, క్రింప్ చేసి హీట్ ష్రింక్ వెయ్యండి, ఫైర్‌వాల్ కన్నానికి రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి.

అన్నీ అయ్యాక క్లస్టర్ స్క్రూలు బిగించకుండానే మొదటిసారి స్టార్ట్ చెయ్యండి. ఇంజిన్ వేడెక్కాక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ సెండర్ పక్కన హెడ్ మీద పెట్టి ముల్లుతో పోల్చండి, 190 నుంచి 210 ఫారెన్‌హీట్ మధ్య ఉండాలి. హెడ్‌లైట్, బ్లోయర్, ఇండికేటర్ వేసి ముళ్ళు కదుల్తున్నాయా చూడండి. పెట్రోలు ఖాళీ ట్యాంకులో ఐదేసి లీటర్లు పోస్తూ, పోసినప్పుడల్లా గాజు మీద అంటించిన టేపు మీద గీత పెట్టుకుంటూ రండి, మొదటి ఐదు లీటర్లకి ముల్లు ఎక్కడ ఉందో అదే మీకు రోడ్డు మీద పనికొచ్చే గుర్తు. వెనక వైర్ల ఫోటో తీసి ఏ రంగు దేనికో కాగితం మీద రాసి గ్లవ్ బాక్స్ మూత లోపల అంటించండి. మీ ఇప్పటి సెండర్ ఖాళీకి, నిండుకి ఎన్ని ఓమ్‌లు చూపిస్తోందో కొలిచి చెప్తే ఏ క్లస్టర్ దానికి నేరుగా కలుస్తుందో చెప్తా.